తొమ్మిదో తరగతికి హోలోకాస్ట్ పాఠం: సమాధానం

మేడమ్, హోలోకాస్ట్‌లో జర్మనీ నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారంటే పిల్లలు నోట్సులో రాసుకుని ఊరుకుంటున్నారని, శవాల ఫోటోలు చూపిస్తే బెదిరిపోతున్నారని అన్నారు. ఆ ఫోటోలు పక్కన పెట్టేయండి. సెయింట్ లూయిస్ ఓడతో మొదలుపెట్టండి.

నాజీల నుంచి పారిపోతున్న వాళ్లతో అది 1939 మే 13న జర్మనీలోని హాంబర్గ్‌లో క్యూబాకు బయల్దేరింది. 937 మంది ప్రయాణికులు, దాదాపు అందరూ యూదులే. చేతిలో క్యూబా కాగితాలున్నా అవి చెల్లవన్నారు. క్యూబా రాజధాని హవానాలో మొదట 28 మందినే దిగనిచ్చారు. అమెరికా, కెనడా కూడా రానివ్వలేదు. ఓడ యూరప్‌కే తిరిగొచ్చింది. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తలా కొందరిని తీసుకున్నాయి. వాళ్లలో 254 మంది తర్వాత హోలోకాస్ట్‌లో చనిపోయారు.

పిల్లలతో మ్యాప్ మీద ఆ దారి గీయించండి. ఎక్కడ, ఎవరు తలుపు తీసి ఉండొచ్చో అడగండి. నాటకం మాత్రం వేయించొద్దు. నేనొకసారి వేయిస్తే నవ్వులాటైపోయింది!