వెన్నెముకకు క్యాన్సర్ పాకింది.. ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట. అమ్మకు 58 ఏళ్లు. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. రెండు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. నాలుగు రోజులుగా కాలికున్న చెప్పు జారిపోయినా తెలియడం లేదు. క్యాన్సర్ వెన్నుపూసకు పాకిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని ఎమ్మారై చూసి చెప్పారు. కత్తి పెడితే ఒళ్లంతా పాకేస్తుందని, పండగ వెళ్లాక చూద్దామని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పండగ దాకా ఆగొద్దు, ఈ రోజే బయల్దేరండి. చెప్పు జారినా తెలియడం లేదన్న మాట చదవగానే నాకు కంగారు పుట్టింది. గడ్డ వెన్నుపామును నొక్కేస్తోందనడానికి అది గుర్తు. కాళ్లు పూర్తిగా పడిపోయి ఒకటి రెండు రోజులు దాటితే, తర్వాత ఎంత మంచి ఆపరేషన్ చేసినా మళ్లీ నడవడం కష్టం. అమ్మ ఇంకా నడుస్తున్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కత్తి వల్ల పాకడం అపోహ. క్యాన్సర్ రక్తం ద్వారా ఇప్పటికే ఎముకకు చేరింది. ఈ ఆపరేషన్‌తో క్యాన్సర్ పూర్తిగా పోదు, అది ముందే తెలుసుకోండి. కాళ్లను కాపాడడానికి, నొప్పి తగ్గించడానికి చేస్తారు. వెన్నుపామును నొక్కుతున్న ఎముకను, గడ్డను తీసి, బలహీనపడ్డ పూసలకు స్క్రూలు, రాడ్లతో ఊతమిస్తారు. గాయం మానాక రేడియేషన్, ఆపైన హార్మోన్ మాత్రలో, కీమోనో. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆపరేషన్, రేడియేషన్ రెండూ చేసినవారిలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 57 శాతమే.

అందరికీ ఆపరేషన్ చేయరు. ఒళ్లు బాగా నీరసించినా, ఆయుష్షు మూడు నెలల లోపేనని డాక్టర్లు అనుకున్నా రేడియేషన్‌తోనే సరిపెడతారు. లింఫోమా, మైలోమా లాంటి రక్తకణాల క్యాన్సర్లు రేడియేషన్‌కే బాగా కరుగుతాయి. అమ్మ గుండె, లివర్, ఊపిరితిత్తుల పరిస్థితి చూశాకే సర్జన్ తేల్చి చెప్పగలరు.

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. వెన్నెముక సర్జన్ ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి, అంబులెన్స్‌లో వెల్లకిలా పడుకోబెట్టండి. వీపుకు మర్దనా అసలే వద్దు. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ దారిలోనే మొదలుపెట్టవచ్చేమో శ్రీకాకుళంలో డాక్టరును అడగండి. షుగర్ ఉంటే ముందే చెప్పండి. ఎమ్మారై ఫిల్ములతో పాటు మూడేళ్ల నాటి బయాప్సీ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయో లేదో అందులోనే ఉంటుంది. మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా క్షణం ఆలస్యం చేయకుండా డాక్టర్లకు చెప్పండి.