నెల దాటినా 'స్టేబుల్' కాదేం?

ప్రశ్న: కంప్యూటర్‌లో జెంటూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. 30 రోజులు టెస్టింగ్‌లో (పరీక్ష దశలో) ఉంటే ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్, స్టేబుల్ (పరీక్షించి సరేనన్నది) అవుతుందన్నారు, నాక్కావాల్సింది మూడు నెలలైనా అక్కడే ఉంది. సిస్టమ్ మొత్తాన్ని టెస్టింగ్‌కి మార్చేయనా?

జవాబు: వద్దండీ, అంత పని పెట్టుకోకండి. 30 రోజులన్నది మామూలుగా కనీస గడువే. తర్వాత ఎవరో ఒకరు బగ్‌జిల్లాలో (జెంటూ వాళ్లకి సమస్యలు, వినతులు తెలిపే సైట్) బగ్ వేసి, అంటే వినతి నమోదు చేసి అడగాలి, ఇంకొకరు స్టేబుల్ సిస్టమ్ మీద కంపైల్ చేసి, టెస్టులు నడిపి సరే అనాలి, అదీ ఒక్కో ప్రాసెసర్ రకానికి విడివిడిగా. చేసేదేమో తీరిక దొరికినప్పుడు కూర్చునే వాలంటీర్లు! ప్రాసెసర్‌తో సంబంధం లేనివాటిని ఒకచోట పరీక్షిస్తే చాలన్న వెసులుబాటు ఉంది, అది నాకు బాగా నచ్చింది. మీరు యాక్సెప్ట్ కీవర్డ్స్ ఫైల్లో (ఏ ప్యాకేజీకి టెస్టింగ్ వెర్షన్ ఒప్పుకుంటారో చెప్పే package.accept_keywords) ఆ ఒక్క ప్యాకేజీ పేరు, పక్కన టిల్డాతో ఏఎండీ64 (~amd64) అని రాసుకోండి, మీది మామూలు 64-బిట్ పీసీ అయితే. కొన్నాళ్లు ఇబ్బంది లేకుండా నడిస్తే, స్టేబుల్ చేయమని బగ్‌జిల్లాలో మీరే అడగండి.