పుట్టాసింగి కొండలకు సువార్తకు వెళ్తున్న అబ్బాయికి

ప్రియమైన నాన్నకు, ప్రభువు నామంలో పెద్దమ్మ వందనాలు.

రాయగడ నుంచి మీ యవ్వనస్థులు కొందరు గుణుపురం మీదుగా పుట్టాసింగి కొండల్లో సవర ఊళ్ళకు వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా ఆ కొండలు ఎక్కి దిగినదాన్ని గనక, నాకు తెలిసింది నీకు రాయమంది. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది. తీరిగ్గా చదువుకో, మీవాళ్ళకీ చదివి వినిపించు.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. మీరు మూడో రోజో నాలుగో రోజో జీపెక్కి దిగొచ్చేస్తారు. అక్కడ మీరన్న ప్రతి మాటకీ, ఇచ్చిన ప్రతి వస్తువుకీ, తీసిన ప్రతి ఫొటోకీ మర్నాటి నుంచి జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఊళ్ళో ఉండిపోయే విశ్వాసులు. వాళ్ళు అదే బావి దగ్గర నీళ్ళు తోడుకోవాలి, అదే సంతకి వెళ్ళాలి, అదే పొడుకి పక్కవాడిని సాయం పిలుచుకోవాలి. ఏం చెయ్యాలన్నా, ఏం మానాలన్నా వాళ్ళని తలుచుకుని తేల్చుకో.

మీ కరపత్రంలో "సువార్త వినని ప్రాంతాలకు" అని వేశారట. ఆ మాట తీసెయ్యండి. కొరాపుట్ వైపు జర్మనీ లూథరన్ మిషనరీలు 1882లోనే వచ్చారు. మా గజపతి కొండల్లో కెనడా బాప్టిస్టులు సెరంగోలో ఆసుపత్రి పెట్టి తరాల తరబడి పనిచేశారు. 2011 జనాభా లెక్కల్లో గజపతి జిల్లాలో నూటికి దగ్గర దగ్గర 38 మంది క్రైస్తవులు. సవర భాషలో బైబిలు ఉంది, పాటలు ఉన్నాయి, ఆదివారం ఆరాధన నడిపే సవర పాస్టర్లు ఉన్నారు. వాళ్ళలో కొందరు పగలు పొలం దున్ని, సాయంత్రం మూడు ఊళ్ళు నడిచి వాక్యం చెబుతారు. మీరు వాళ్ళ ఇంటికి వెళ్ళే అతిథులు. అందుకని మొదట ఆ పాస్టర్ గారిని కలిసి, "మేం రావచ్చా? వస్తే మీకు పనికొచ్చేదేమిటి?" అని అడగండి. ఫలానా ఊరికి ఇప్పుడు వద్దు అంటే ఎందుకని నిలదీయకండి. పండగ చందా మీదో, శ్మశానం జాగా మీదో గొడవ నడుస్తూ ఉండొచ్చు. అది మీకు చెప్పలేకపోవచ్చు.

ఎప్పుడు వెళ్ళాలంటే, కోతలూ నూర్పులూ అయిపోయి, జీడిపిక్కల పని ఇంకా మొదలవకముందు, సంక్రాంతి దాటాక. వర్షాకాలంలో కలుపుతీతకి ఊరంతా కొండ మీదే ఉంటుంది, గెడ్డలు, అంటే కొండవాగులు, ఒక్క గంటలో పొంగుతాయి. సంత రోజు పగలు ఇళ్ళలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ దొరకరు. చీకటి పడ్డాక, వంటలయ్యాక కూర్చుంటారు, అదే సమయం. ఐదారుగురు చాలు. రెండు బస్సుల నిండా జనం, బ్యానర్లు, మైకు వేసుకుని వెళ్తే ఊరేగింపులా ఉంటుంది గాని మాట్లాడుకోవడానికి వీలుండదు. ప్రభువు కూడా శిష్యుల్ని ఇద్దరిద్దరినే పంపాడు. మైకు అసలే వద్దు. ముప్పై గడపల ఊళ్ళో గొంతు చాలదా?

భాష గురించి. మీలో ఎవరికీ సవర రాదు. తెలుగుకీ దానికీ చుట్టరికం లేదు గనక ఊహించి అర్థం చేసుకుందామన్నా కుదరదు. మగవాళ్ళకి సంతల వల్ల తెలుగో ఒడియానో కొద్దిగా వచ్చినా, ఆడవాళ్ళలో చాలామందికి రెండూ రావు. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి బడి పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన మన మతస్థుడు కాదు. ఆ మనుషుల మీద గౌరవంతో అంత చేశారు. సువార్తకు వెళ్ళేవాళ్ళం మనం కనీసం పలకరింపులూ, చుట్టరికాల పిలుపులూ నేర్చుకుని వెళ్ళకపోతే ఎలా? మిగతాదానికి తెలుగు వచ్చిన ఆ కొండల మనిషినే ఒకరిని తర్జుమాకి పెట్టుకోండి. పొట్టి వాక్యాలు చెప్పి ఆగండి. ఆయన నీ ఒక్క వాక్యానికి నాలుగు వాక్యాలు చెబితే కంగారుపడకు, వాళ్ళకి తెలిసిన ఉదాహరణ ఏదో కలుపుతున్నాడు.

ఊళ్ళోకి వెళ్ళగానే ఎదురెదురు వరసల్లో ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ ఒకే గోడ, ఎర్రమట్టి పూత, ముందు అరుగులు కనిపిస్తాయి. పిలిచేదాకా అరుగు మీదే కూర్చోండి. కొన్ని ఇళ్ళలో లోపలి ఎర్ర గోడ మీద బియ్యప్పిండితో మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు వేసి ఉంటారు. అది అలంకారం కాదు, వాళ్ళ పూజ. చెయ్యి వెయ్యకు, ఫొటో తియ్యకు, దాని గురించి వెటకారంగా ఒక్క మాట రానివ్వకు. ఊరి చివర నిలువుగా పాతిన రాళ్ళ గుంపు ఉంటే అలసిపోయామని వాటి మీద కూర్చోకండి. ఒక్కో రాయి చనిపోయిన ఒక్కో మనిషి కోసం కుటుంబం నిలబెట్టింది. అక్కడ సంచులు ఆనించి నవ్వుకుంటున్న కుర్రాళ్ళు సాయంత్రం చెప్పే ప్రేమ సందేశం ఎవరి చెవికెక్కుతుంది?

వాక్యం చెప్పేటప్పుడు వాళ్ళ దేవుళ్ళని తిట్టడంతో మొదలుపెట్టే ప్రసంగీకుల్ని చూశాను. అలా చెప్పొద్దు. యేసు నీకేం చేశాడో చెప్పు. నువ్వు తాగుడు మానిన సంగతో, అన్నతో సమాధానపడిన సంగతో, నీదైనది చెప్పు. చనిపోయినవాళ్ళతో మాట్లాడించే ముసలమ్మ ఒకతె ఊళ్ళో ఉంటే ఆమెకీ నమస్కారం పెట్టు. ఎన్ని ఇళ్ళలో దుఃఖాన్ని తన చేతులతో మోసిందో ఆమె!

ఇక చట్టం సంగతి. ఒడిశాలో 1967లో మతస్వేచ్ఛ చట్టం చేశారు. బలవంతంతో, మోసంతో, ఆశ చూపి మతం మార్పించడం నేరం. ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. మైనర్లు, ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీల విషయంలో అది రెండేళ్ళు, 10,000. మీరు వెళ్ళే ఊళ్ళో ఇంచుమించు అందరూ ఈ రెండో లెక్కలోకే వస్తారు. దేవుడి కోపం తగులుతుందని బెదిరించడాన్ని కూడా ఆ చట్టం బలవంతం కిందే వేసింది. ఆశ చూపడమంటే డబ్బే కానక్కర్లేదు, వస్తువైనా, మరే మేలైనా అంతే. 1989 నిబంధనల ప్రకారం మారదలచినవాళ్ళు మేజిస్ట్రేటు ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ కార్యం జరిపించేవాళ్ళు పదిహేను రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకి తెలపాలి. మత ప్రచారం మన హక్కే, కానీ ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అందుకని మీరెవరూ అక్కడ బాప్తిస్మం ఇవ్వకూడదు. ఎవరైనా అడిగితే స్థానిక పాస్టర్ గారికి అప్పగించండి. ఏళ్ళ తరబడి తోడుండేది ఆయనే, ఆ సంతోషమూ ఆయనదే కావాలి.

దుప్పట్లు, చీరలు, బియ్యం తీసుకెళ్ళాలని మీ సంఘంలో చందా వేస్తున్నారట. వాక్యంతో కలిపి ఏ వస్తువూ పంచకండి. చట్టం లేకపోయినా నేను ఇదే చెబుదును. దుప్పటి అందుకున్న చెయ్యి మొహమాటానికి ప్రార్థనలో పైకి లేస్తుంది, మనం దాన్ని విశ్వాసం అనుకుంటాం. దుప్పటి అందని ఇల్లు పక్కింటి మీద కక్ష పెట్టుకుంటుంది. నిజంగా సాయం చెయ్యాలనుంటే వేరే నెలలో, వేరే మనుషులతో, పంచాయతీ ద్వారా, దేవుడి పేరెత్తకుండా ఊరందరికీ చెయ్యండి. పిల్లలకి చాక్లెట్లు చూపించి పాటలు నేర్పడమూ వద్దు. తల్లిదండ్రులు పక్కన ఉంటేనే పిల్లల్ని కూర్చోబెట్టండి.

ఎస్సీ కుటుంబం ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి ఎస్సీ హోదా ఉండదు. ఆదివాసుల ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. ఒకే గుంపులో ఈ ఇద్దరూ మీ ఎదురుగా కూర్చుంటారు. కాలేజీ సీటు, స్కాలర్‌షిప్పు పోయాక తెలుసుకున్న పిల్లాడు మిమ్మల్ని ఎలా క్షమిస్తాడు?

జబ్బుల దగ్గర మాత్రం నేను గట్టిగానే చెబుతాను, నర్సుని గనక. ఆ కొండల్లో ఉన్నది ఫాల్సిపారం మలేరియా. ఆలస్యమైతే మెదడుకెక్కుతుంది. జ్వరంతో మూలుగుతున్న బిడ్డని మీ ముందుకు తెస్తారు. చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి, నేనూ చేశాను, చేస్తాను. వెంటనే ఆశా దిదిని, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తని, పిలిపించు. ఆమె దగ్గర వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసే కిట్ ఉంటుంది, మాత్రలు ఉంటాయి. బిడ్డకి ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, పాలు పట్టకపోయినా అదే రాత్రి డోలీ కట్టి రోడ్డు దాకా దింపండి, 108కి ఫోన్ చెయ్యండి. మీ కూటం ఆగిపోతే ఆగిపోనీ. "మందులు మానెయ్, నమ్మితే చాలు" అనే మాట మీ బృందంలో ఎవరి నోటా రాకూడదు. టీబీ మాత్రలు రెండు నెలలు వేసుకుని, దగ్గు తగ్గి, వంట చేసుకునేంత తేరుకున్న ఒక తల్లి ఉండేది. పై ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడెవరో స్వస్థత అయిపోయిందని అందరిముందూ ప్రకటించాడు. సంబరంగా మాత్రలు ఆపేసింది. వానలు పడేసరికి నెత్తురు కక్కుతూ డోలీలో మా వార్డుకి వచ్చింది, చంకలోని పిల్లాడికీ దగ్గే. ఆ ప్రసంగీకుడికి ఈ సంగతి ఈనాటికీ తెలియదు, ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఈ దేశంలో మన మిషన్లకి పేరు తెచ్చింది మందు సీసా పట్టుకున్న చేతులు. మీ రాయగడ జిల్లా బిషమ్‌కటక్‌లో డెన్మార్క్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఈనాటికీ నడుస్తోంది. ప్రార్థననీ వైద్యాన్నీ విడదీసి మాట్లాడడం ఆ పేరుకి ద్రోహం.

మీకోసం కూడా దోమతెరలు పట్టుకెళ్ళండి, నీళ్ళు కాచి తాగండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరమొస్తే, కొండలకి వెళ్ళొచ్చామని డాక్టరుకి మొదటే చెప్పి రక్తం చూపించుకోండి. మామూలు జ్వరమని ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దు.

రాగి అంబలి, సామల అన్నం, చింతపండు పులుసు, ఏది పెట్టినా తినండి. ఆ పూటకి వాళ్ళ పిల్లలకి దాచింది పెడుతున్నారని గుర్తుంచుకోండి, మళ్ళీ వడ్డించమనకండి. వాళ్ళ మీద భారం పడకుండా మీ బియ్యం, పప్పు పాస్టరమ్మగారి చేతికి ముందే ఇచ్చెయ్యండి, ఇది అతిథి మర్యాద, పంపకం కాదు. జీలుగు చెట్టు కింద కల్లు తాగుతున్నవాళ్ళు డొప్పలో పోసి చేతికిస్తారు. మొహం చిట్లించకు. రెండు చేతులూ జోడించి, నేను పుచ్చుకోనని చెప్పి, మంచినీళ్ళు అడిగి వాళ్ళ పక్కనే కూర్చో. ఆ చెట్టు కిందే తాగుడు మీద ప్రసంగం పెట్టకు.

మీతో వచ్చే ఆడపిల్లల్ని వేరే ఇంట్లో, పాస్టరమ్మగారి దగ్గరే పడుకోబెట్టండి. ఆడవాళ్ళ మాట ఆడవాళ్ళే వినాలి. గట్టున కూర్చుని రాగులు విసురుతూ వాళ్ళు చెప్పుకునేవి మగవాళ్ళ కూటంలో బయటికి రావు.

ఫొటోలు, వీడియోలు, లైవులు వద్దు. చేతులెత్తి ప్రార్థిస్తున్న ఆ ముఖాలు మీ స్టేటస్‌లో పెడితే మీకు లైకులొస్తాయి, ఊరి పేరు చూసి వాళ్ళ ఇంటి ముందుకి ఎవరెవరో వస్తారు. కంధమాల్ జిల్లా మా గజపతి జిల్లాలోని మోహన ప్రాంతానికి ఆనుకునే ఉంది. 2007 క్రిస్మస్‌కీ, మళ్ళీ 2008 ఆగస్టు తర్వాతా అక్కడ ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు పోయారు, వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. ఆ సెగ మా జిల్లా ఊళ్ళకీ తగిలింది. దాని వెనక భూములు, రిజర్వేషన్లు, కులాల మధ్య పాత కక్షలు చాలా ఉన్నాయి. ఆ మంట మీద పుల్ల వేసేది మాత్రం మనం కాకూడదు. ఎవరైనా ఆపి ప్రశ్నిస్తే వాదించకండి. పేరు, ఊరు, వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పండి. వెళ్ళిపొమ్మంటే ప్రార్థన చేసుకుని వచ్చెయ్యండి. సర్పంచికీ, ఊరి పెద్దకీ, పోలీసు స్టేషనుకీ ముందే తెలియజేసి వెళ్తే ఈ ఇబ్బంది సగం ఉండదు.

తిరిగొచ్చాక మీ సంఘంలో సాక్ష్యం చెప్పమంటారు. ఎంతమంది రక్షణ పొందారని అంకె అడుగుతారు. అంకె చెప్పకు. ఎవరింట్లో ఏం తిన్నారో, ఏ పాట నేర్చుకున్నారో చెప్పు. ఆ పాస్టర్ గారి సైకిలు టైర్లు అరిగిపోయి ఉంటాయి, ఆయన పెద్దమ్మాయి గుణుపురంలో హాస్టల్లో చదువుతూ ఉండొచ్చు. అలాంటి అవసరాలు కనుక్కుని రండి, సంఘం నెలనెలా చూసుకునే ఏర్పాటు చెయ్యండి. ఆషాఢంలో కలుపుతీత రోజుల్లో మీలో ఇద్దరు, ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా, మళ్ళీ వెళ్ళి ఆయన పొలంలో రెండు రోజులు వంగండి.

బయల్దేరే తేదీ ఖాయమవగానే నాకు ఫోన్ చెయ్యి. గుణుపురంలో నాతో పనిచేసిన సవర నర్సమ్మ ఒకరు ఉన్నారు, ఆమెని మీకు కలుపుతాను. మీ ఆడపిల్లలకి తర్జుమా ఆమె చేస్తారు. చలికి స్వెటర్లు మరిచిపోకండి.

ప్రభువునందు,
మీ పెద్దమ్మ
పర్లాకిమిడి