తాబేలుకు తొందర లేదు, నువ్వూ తొందరపడకు

నాయనా,

పాపకు తెచ్చిన తాబేలు మూడు నెలలైనా పెరగలేదని, మేత ఎక్కువ పెట్టమంటావా పెద్దమ్మా అని అడిగావు. వద్దు. ఫోటో చూశాను. కళ్ళ వెనక ఎర్ర చార ఉంది కదా, అది నా దగ్గరున్న రకమే, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. 2007లో తెచ్చినప్పుడు నాదీ రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదంతే. ఇప్పుడు జానెడు మీద మూడు వేళ్ళుంది. మొదటి రెండు మూడేళ్ళు కంటికి తెలిసేలా పెరిగి, తర్వాత నిదానిస్తాయి. ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, మగది చిన్నదిగానే ఆగిపోతుంది. దాని తలకాయంత మేత చాలు.

నువ్వు చూడాల్సింది సైజు కాదు, డిప్ప గట్టిదనం. మొదటి ఏడాది నేను దాన్ని హాల్లో గాజు తొట్టిలో పెట్టి ఎండు రొయ్యలే వేశాను. ఒకరోజు నీళ్ళు మారుస్తూ పట్టుకుంటే, బొటనవేలి కింద డిప్ప నానిన అట్టలా లోపలికి పోయింది. గుండె జారిపోయింది నాకు. తిరుపతిలో పశువుల డాక్టరుకు చూపిస్తే ఎండ లేదు, కాల్షియం లేదు అన్నాడు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి పనికిరాదట. అప్పటినుంచి పొద్దున నేరుగా ఎండ తగిలేలా మేడమీద పెడతాను. ఇటుక ఎక్కి, వెనక కాళ్ళు బార్లా చాపి, మెడ సాగదీసి కూర్చుంటుంది. డిప్ప మీది పలకలు ఉల్లిపొరలా ఊడొస్తాయి. భయపడకు, పెరుగుతోందన్నమాట. తొట్టిలో సగానికి నీడ మాత్రం తప్పనిసరి. మన చిత్తూరు ఎండలకు కొంచెం నీళ్ళు ఇట్టే కాగిపోతాయి. పక్షుల షాపులో కటిల్ బోన్ అని, కాల్షియం ఉండే తెల్లటి సముద్రపు ఎముక దొరుకుతుంది, ఒక ముక్క నీళ్ళలో వెయ్యి. పెద్దదయ్యేకొద్దీ రొయ్యలు తగ్గించి మునగాకు, మందారాకు అలవాటు చెయ్యి.

ఇక ఆయుష్షు. బాగా చూసుకుంటే 30 ఏళ్ళు, ఒక్కోటి 40 కూడా బతుకుతుంది. పాప పెళ్ళై వెళ్ళేనాటికీ అది మీ ఇంట్లోనే ఉంటుంది. మీరు బెంగళూరు వెళ్ళిపోతే ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. నాది నా తర్వాత ఎవరికో నేను రాసిపెట్టాను. కూర్మావతారం కదా, కోనేట్లో వదిలితే పుణ్యమని ఎవరన్నా చెప్తే వినకు. అది ఈ దేశపుది కాదు. మన చెరువు తాబేళ్ళ మేతా చోటూ లాక్కుంటుంది.

తోడుగా ఒక నక్షత్ర తాబేలు తెస్తానన్నావే, ఆ మాట మర్చిపో. అడవి జీవి అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెట్టుకోవడమే నేరం.

పట్టుకున్న ప్రతిసారీ పాప చేతులు సబ్బుతో కడుగు. ఆదివారం దాన్ని తీసుకురా, డిప్ప నేను పట్టి చూస్తాను. నీళ్ళలో తేవద్దు, డబ్బాలో తడిగుడ్డ పరిచి, మూతకు చిల్లులు పెట్టి తే. నా పాత తొట్టి కడిగి ఉంచాను, పోయేటప్పుడు తీసుకుపో.

మీ పెద్దమ్మ, తిరుపతి