పాత పెట్రోల్ కారును ఇథనాల్‌కు మార్చొచ్చా?

కర్నూలులో తిరిగే మీ పాత పెట్రోల్ కారును పూర్తిగా ఇథనాల్‌తో నడపొచ్చా అని అడిగారు. నడపొచ్చు గానీ, ట్యాంకులో పోసి తాళం తిప్పితే సరిపోదు. కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే అదే గాలికి ఇంజెక్టర్ దాదాపు 1.6 రెట్లు ఇంధనం చిమ్మాలి. కాబట్టి పెద్ద ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్ తప్పవు.

అసలు తలనొప్పి రబ్బరుతోనే. పాత ఇంధన పైపులు ఇథనాల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. బానెట్ ఎత్తి వేలితో నొక్కి చూడండి, జిగటగా ఉంటే ముందు అవి మార్చాలి. చలికి స్టార్ట్ కాదన్న టెన్షన్ మన ఎండల్లో పెద్దగా అక్కర్లేదు! మైలేజీ మాత్రం మూడో వంతు వరకు పడిపోతుంది. ఆర్టీవో అనుమతితో ఆర్‌సీలో మార్పు ఎక్కించాలి. నేనైతే పాత కారుకు ఇంత ఖర్చు పెట్టను.