తండ్రీకొడుకుల నడుమ ఒక బంతి

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. ఏప్రిల్‌లో వచ్చి ఆరు నెలలు ఇక్కడే ఉంటున్నాం. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అతడూ, పదేళ్ల మనవడూ తోలు గ్లవ్‌లు తొడుక్కుని, చీకటి పడేదాకా పెరట్లో బేస్‌బాల్ బంతి విసురుకుంటారు. ఆ సేపంతా పట్టుమని పది మాటలైనా మాట్లాడుకోరు. ఈ ఆట తండ్రీకొడుకులను జీవితాంతం కలిపి ఉంచుతుందని ఇక్కడివారు అంటారు. ఒట్టి బంతి విసురుకోవడంలో అంత అనుబంధం ఏముంది? క్రికెట్ తప్ప మరొకటి తెలియని నాకు అందులో చోటు ఉంటుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాటలు లేవని మీరు బెంగపడనవసరం లేదు. పదేళ్ల పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి బడి సంగతులు అడిగితే 'ఏం లేదు' అంటాడు. అదే పిల్లవాడు చేతులకు పని ఉండి, చూపు బంతి మీద ఉన్నప్పుడు, మధ్యాహ్నం స్నేహితుడితో పడిన తగవును అడగకుండానే బయటపెడతాడు. ఈ విసురుకోవడంలో గెలుపోటములు లేవు. అవతలివాడి చేతికి అందేలా విసరడమే ఇందులోని నేర్పు. కొడుకు చేతిలో బలం పెరిగేకొద్దీ తండ్రి ఒక్కో అడుగు వెనక్కి జరుగుతాడు; ఎన్నో ఏళ్ల తర్వాత, తండ్రి భుజం సహకరించడం లేదని గమనించి కొడుకే మెల్లగా విసరడం మొదలుపెడతాడు. జీవితాంతం అన్న మాటను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను.

ఇక మీ చోటు సంగతి. న్యూయార్క్ యాంకీస్ జట్టులో చిరస్మరణీయుడైన మికీ మాంటిల్ ఓక్లహోమాలో ఒక గని కార్మికుడి కొడుకు. తండ్రి కుడిచేత్తో, తాత ఎడమచేత్తో బంతులు విసురుతుంటే, ఒకరికి ఎడమవైపు నుంచి, మరొకరికి కుడివైపు నుంచి బ్యాటింగ్ చేస్తూ ఆ పిల్లవాడు రెండు వైపులా ఆడటం నేర్చుకుని, తర్వాతి కాలంలో 536 హోమ్‌రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. అయితే 1951లో ఆట వదిలేస్తానన్న కొడుకు సామాను సర్దబోయి, గనిలో పనికి రమ్మన్నది కూడా ఆ తండ్రేనని మాంటిల్ స్వయంగా చెప్పాడు. ఆ కాఠిన్యాన్ని నేను ఆదర్శంగా చూపలేను. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకుల మీద మన ఇళ్లలో ఉండే ఆరాటం పెరట్లోకి కూడా వస్తే, పిల్లవాడు బంతితో పాటు తండ్రికీ దూరమవుతాడు.

కెన్ గ్రిఫీ తండ్రీకొడుకులు 1990లో సియాటిల్ మ్యారినర్స్ తరఫున ఒకే జట్టులో ఆడి, సెప్టెంబరు 14న వరుసగా చెరొక హోమ్‌రన్ కొట్టారు. అటువంటి భాగ్యం కోటికి ఒకరికి దక్కుతుంది. నన్ను ఎక్కువగా కదిలించేది ప్రేక్షకుల కథ. షికాగో కబ్స్ జట్టు 1908 తర్వాత మళ్లీ 2016లో గానీ వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ సీజన్ చివరి టైటిల్ పోరు) గెలవలేదు. అప్పుడు అభిమానులు ఆ జట్టు సొంత మైదానమైన రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద, ఆ గెలుపు చూడకుండానే కన్నుమూసిన తమ తండ్రుల, తాతల పేర్లను సుద్దముక్కలతో రాశారు. ఒక కొడుకైతే తండ్రికి ఇచ్చిన మాట కోసం నార్త్ కరోలినా నుంచి ఇండియానాకు కారులో వెళ్లి, ఆయన సమాధి పక్కన కూర్చుని చివరి మ్యాచ్ వ్యాఖ్యానం విన్నాడు.

మీరు గ్లవ్ తొడుక్కోలేకపోయినా, స్కోరు రాయడం నేర్పమని మనవడినే అడగండి. ఉపాధ్యాయుడైన తాతయ్యకు పాఠం చెప్పే అవకాశాన్ని ఏ పిల్లవాడూ వదులుకోడు. ఫీల్డింగ్ స్థానాలకు 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. '6-4-3' అని రాస్తే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) నుంచి రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు (బేస్‌లంటే పరుగెత్తేవాడు చేరాల్సిన గుర్తులు) బంతి చేరి ఇద్దరు అవుటయ్యారని అర్థం. స్ట్రైకవుట్‌కు, అంటే మూడు స్ట్రైక్‌లు (బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టదగినదైనా వదిలేసిన బంతులు) పడి అవుటైతే, ఇంగ్లిష్ 'కె' (K) అక్షరం వేస్తారు. బ్యాట్ ఊపకుండానే మూడో స్ట్రైక్‌కు అవుటైతే దాన్నే తిరగేసి రాస్తారు. ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది కనుక, మీరు అక్కడ ఉండే ఆరు నెలల్లో దాదాపు రోజూ టీవీ ముందు మీ ఇద్దరికీ పని ఉంటుంది.