నాయన మీద రాస్తున్న అమ్మాయికి

కెంగేరి, బెంగళూరు

అమ్మా,

మీ నాయన మీద నువ్వు రాసి పంపింది చదివాను. మనిషి పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఇప్పుడే తప్పులు పట్టొద్దని మా ఆవిడ అంది. కానీ నువ్వు అడిగింది "ఇది అచ్చుకి పనికొస్తుందా సార్" అని కదా. ఇప్పుడున్నట్టయితే పనికిరాదు. రాయాల్సిన మనిషి మాత్రం ఆ కాగితాల్లోనే ఉన్నాడు, అక్కడక్కడా తొంగిచూసి పోతున్నాడు.

మొదటి పేజీల నిండా రెక్కలు ముక్కలు చేసుకున్నాడు, చెమటోడ్చాడు, మా కోసం కొవ్వొత్తిలా కరిగిపోయాడు. అందులో మీ నాయన పేరు తీసి పక్కింటాయన పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆ తర్వాత ఎక్కడో మాటల్లో మాటగా ఒక సంగతి రాశావు. పట్టుపురుగులు మేపినన్నాళ్ళూ ఆయన బీడీ ముట్టేవాడు కాదని, పట్టుగూళ్ళు అమ్మడానికి రామనగరం మార్కెట్‌కి పోయిన రోజు మాత్రం ఒక కట్ట కొనుక్కుని, తిరుగు బస్సు ఎక్కేలోగా సగం ఊదేసేవాడని, మిగతా సగం మీ అమ్మ వాకిట్లోనే లాక్కుని పొయ్యిలో పడేసేదని. నేను అక్కడ ఆగిపోయాను. పొగాకు పట్టుపురుగుకి విషం, అది అంటిన చేత్తో ఆకు వేసినా ప్రమాదమే. ఒక పంటకి నెల తక్కువ, ఏడాదికి ఐదారు పంటలు. బీడీ అలవాటున్న మనిషి అన్నేళ్ళు అలా గడిపాడంటే ఆయనకి ఆ పని మీద ఎంత పట్టింపో చూడు. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో తోసేసి మళ్ళీ త్యాగంలోకి వెళ్ళిపోయావు. పోయిన పెద్దాయన మీద బీడీల సంగతి ఏం రాస్తాంలే అనుకున్నావేమో. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. నీ వ్యాసంలో ఆయన బతుకు నీ స్కూలు ఫీజుతో మొదలై నీ వైట్‌ఫీల్డ్ ఉద్యోగంతో ఆగిపోతుంది. మధ్యలో ఆయనకి నిన్ను చదివించడం తప్ప వేరే పనే లేనట్టుంది. నువ్వు పుట్టకముందే శెనక్కాయ మానేసి పురుగుల మేతకి మల్బరీ నాటాడు కదా, ఎందుకు నాటాడు? ఎవర్ని చూసి? మీ మడకశిర వైపు ఏ దిక్కుకి నాలుగడుగులు వేసినా కర్ణాటకే, అటు చుట్టాల ఇంట్లో పురుగులు మేపే తట్టలు చూసి వచ్చాడా? పచ్చగూళ్ళు కట్టే పాత రకం పురుగుల నుంచి తెల్లగూళ్ళు కట్టే రకానికి మారమన్నప్పుడు వెంటనే మారాడా, మొండికేశాడా? ఇవేవీ నీకోసం చేసినవి కావు. వాటిల్లో ఆయన నీకు నాయన కాకముందు మనిషి దొరుకుతాడు.

తెర సరిగ్గా వేయకుండా పురుగుల ఇంట్లోంచి బయటికొచ్చావని ఒకసారి నిన్ను చెంప మీద కొట్టాడని రాశావు. రాసి, ఆ వెంటనే "ఆ కోపం వెనక కొండంత ప్రేమ ఉందని ఇప్పుడు అర్థమవుతోంది" అని సర్దేశావు. ప్రేమ సంగతేమో గానీ, ఆ తెర బయట ఊజీ ఈగ ఉంది. 1980లో బెంగాల్ వైపు నుంచి కర్ణాటకలోకి వచ్చి పడింది అది. మీ నాయన తరం దాని దెబ్బ తిన్న తరం. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, అందులోంచి పుట్టింది లోపలికి దూరి పురుగునే తింటుంది. పురుగు ఎలాగో గూడు కట్టినా దానికి బొక్క చేసుకుని బయటికొస్తుంది. బొక్కపడ్డ గూటికి రేటెవడిస్తాడు? ఇవన్నీ చెప్పి, చెంపదెబ్బని చెంపదెబ్బగానే వదిలెయ్. కోపం వస్తే నీకు ఇంకా వస్తున్నట్టే రాయి. క్షమించాలో వద్దో చదివేవాడు చూసుకుంటాడు.

నీ గ్రాడ్యుయేషన్ రోజుకి ఆయన రాలేదని కూడా రాశావు. ఆ చోటు బావుంది, ఎందుకంటే అక్కడ నీకు నిజంగానే నొప్పి ఉంది. ఆయన లెక్కల పుస్తకం ఇంకా గోడ గూట్లోనే ఉందని, తెరవడానికి మనసు రావట్లేదని వేరేచోట రాశావు. తెరువమ్మా. పురుగుల గుడ్లు తెచ్చిన తేదీ, జ్వరాలు లేచిన తేదీలు (పురుగు మేత మాని కుబుసం విడవడాన్నే జ్వరం అంటారు కదా), గూళ్ళ బరువు, రేటు అందులో ఉంటాయి. ఆ రోజుకి పురుగులు నాలుగో జ్వరం లేచి ఉంటే ఆయన వచ్చే ప్రశ్నే లేదు. పుట్టింది మొదలు పురుగు తినే మేతలో ఎనభై శాతం పైన ఆ చివరి వారంలోనే తింటుంది, అర్ధరాత్రి కూడా ఆకు వేయాలి. ఆ తర్వాత పురుగు పండుతుంది. ఒంట్లోంచి వెలుతురు కనబడేలా అయిన పురుగుని ఒక్కొక్కటీ చేత్తో ఏరి, గూడు కట్టుకునే వెదురు తట్ట, అదే చంద్రిక, మీద వేయాలి. ఆలస్యమైతే ఉన్నచోటే దారం వదిలేస్తుంది, నెల రోజుల పని పేడలో పోతుంది. ఒకవేళ ఆ వారం అసలు పురుగులే లేవని పుస్తకం చెప్పిందనుకో, అదీ రాయి. అప్పుడు నీ వ్యాసం ఇంకా కష్టమవుతుంది, ఇంకా బావుంటుంది.

మీ అమ్మ ఎక్కడ? మూడుచోట్ల కనబడింది, మూడుచోట్లా సంగటి పెడుతూనే ఉంది. పట్టుపురుగుల ఇంట్లో సగానికి పైగా పని ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుందని నీకు నేను చెప్పాలా? ఆకు కోసింది ఎవరు, తట్టల్లో పెంట తీసింది ఎవరు? రాత్రి మేతకి ఆయన్ని లేపింది ఆమే అయి ఉంటుంది. ఆమెని ఇప్పుడే కూచోబెట్టి అడుగు. "మంచోడు" అని మొదలుపెడుతుంది, కాసేపు పోనీ. తర్వాత రేట్ల గురించి, అప్పుల గురించి, ఒక పంట మొత్తం సున్నపుకట్టు రోగంతో పోయిన ఏడాది గురించి చెప్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకో, మధ్యలో నువ్వు ఏడ్చి ఆపకు. దినాల నాడు అరుగు మీద కూచున్న ఆయన తోటివాళ్ళు ఏం మాట్లాడుకున్నారో గుర్తుందా? వాళ్ళ దగ్గరికీ పో. మీ ఇంట్లో తెలియని నాయన వాళ్ళ దగ్గరుంటాడు.

ఆసుపత్రి పేజీలు బాగా తగ్గించు. ఐసీయూ బయట పడ్డ టెన్షన్ అందరిదీ ఒకటే, అది నీ గురించి చెప్తుంది గానీ ఆయన గురించి ఏమీ చెప్పదు. వాటి బదులు మీ అపార్ట్‌మెంట్ భాగం పెంచు. మనవడి కోసం వచ్చి ఉన్న వారంలోనే వాచ్‌మన్‌ది ఏ ఊరో, వాళ్ళ తోటలో నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయో కన్నడంలో మాట్లాడి తెలుసుకున్నాడని రాశావే, అది నాకు భలే నచ్చింది. రామనగరం మార్కెట్‌లో బేరాలు చూసిన కన్నడం కదా మరి! నువ్వు అన్నేళ్ళుగా ఆ గేటులోంచి కారు తీసుకుని పోతూనే ఉన్నావు. మీ అబ్బాయికి తాత అంటే ఏం గుర్తుందో కూడా అడుగు. వాడు చెప్పింది దిద్దకుండా వాడి మాటల్లోనే పెట్టు, నీకు నచ్చకపోయినా సరే.

రామనగరం ఎప్పుడైనా చూశావా? చూడలేదనే అనుకుంటున్నా, వ్యాసంలో దాని పేరు తప్ప ఏమీ లేదు. ఇక్కడికి ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్లే. ఆయన రాత్రికి రాత్రి గూళ్ళ మూటలు వేసుకుని ఎందుకు బయల్దేరేవాడో అక్కడ నిలబడితే తెలుస్తుంది. గూడు ఆగదు. కొద్దిరోజులు పోతే లోపలి పురుగు సీతాకోకచిలకై గూటికి బొక్క చేసుకుని బయటికొస్తుంది, ఇక దారం తీయడానికి పనికిరాదు. టమాటా రైతుకీ వీళ్ళకీ అదొకటే బాధ, ఈ రోజు రేటు నచ్చలేదని ఇంటికి మోసుకుపోలేరు. ఆ పూట ఆయన మొహం ఎలా ఉండేదో నువ్వు చూడలేదు. ఇప్పుడు అక్కడున్న రైతుల మొహాలైనా చూడు.

వచ్చేవారం సెలవు దొరికితే చెప్పు, నేనూ వస్తాను. తెల్లవారుజామునే బయల్దేరాలి, పొద్దెక్కితే మైసూరు రోడ్డు మీద ట్రాఫిక్ తెలిసిందేగా. కెంగేరి బస్టాండులో నన్ను ఎక్కించుకో. కొత్త ప్రతి తొందరేమీ లేదు, ముందు ఆ లెక్కల పుస్తకం పట్టుకురా. ఆయన చేతిరాత అర్థం కాకపోతే ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ సార్